తంతిలో మాట మాటకీ డబ్బులే

ప్రశ్న: మాస్టారూ, మా తాతగారి ట్రంకుపెట్టెలో ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అన్న టెలిగ్రాం దొరికింది. అంత పొదుపుగా ఎందుకు రాసేవారు? అసలు మొదట్లో ఎంత తీసుకునేవారు?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: డబ్బుల కోసమేనమ్మా! మన దేశంలో తంతి, అంటే ఈ టెలిగ్రామే, 1855లో జనానికి అందుబాటులోకి వచ్చింది. ప్రతి 400 మైళ్లకూ 16 మాటలకు రూపాయి. అడ్రసు కూడా ఆ పదహారులోనే! విజయనగరం నుంచి మద్రాసు 400 మైళ్లు దాటుతుంది కాబట్టి ఆ లెక్కన రెండు రూపాయలు. ఆ రోజుల్లో రెండు రూపాయలంటే మాటలా?

నేను విజయనగరంలో తంతి కౌంటర్లో కూర్చున్న రోజుల్లోనూ అడ్రసులోని మాటలకు డబ్బులు పడేవి. “వీధి పేరు కొట్టేయండి బాబూ, బట్వాడా కుర్రాడికి మావాడి ఇల్లు తెలుసు” అని బతిమాలేవారు. తెలియకపోతే తిరిగొచ్చేది, అది వేరే గొడవ. త్వరగా చేరాల్సిన ఎక్స్‌ప్రెస్ తంతికి మామూలు రేటుకి రెట్టింపు. పెళ్లి శుభాకాంక్షలకు మాత్రం తయారు వాక్యాలుండేవి. నంబరు పంపితే చాలు, అవతల పూర్తి వాక్యం రాసిచ్చేవారు.

ఇంకోటి. ‘సీరియస్’ అని ఉంటే చాలాసార్లు మనిషి అప్పటికే పోయినట్టు. మీ ఇంట్లో పెద్దవాళ్లనడిగి ఆ కాగితం మీది తేదీతో సరిచూసుకోండి. 2013 జులైలో ఆ సర్వీసే ఎత్తేశారు.