అణుబాంబులు దాచిన చోట పొరపాటున పేలిపోవా?

"అణుబాంబులు నిల్వ ఉన్న చోట అగ్గి అంటుకుంటే ఊళ్లకు ఊళ్లు లేచిపోవా? ఎలా కాపాడతారు?" అని అడిగారు. నేను అణుబాంబు చూసినవాణ్ణి కాదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో (పైనుంచి తవ్వే గని) పన్నెండేళ్లు మ్యాగజైన్, అంటే పేలుడు మందు దాచే గది, చూసుకున్నాను. ఆ పని వల్లే ఈ సంగతి మీద దొరికిందల్లా చదివాను.

కాలినంత మాత్రాన అణు పేలుడు జరగదు. లోపలి ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహం చుట్టూ ఉన్న మామూలు పేలుడు మందు అన్నివైపులా ఒకేసారి పేలితేనే అది జరుగుతుంది. ఒక్కచోట పేలితే అణు పేలుడు అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటికి మించకూడదని అమెరికా నియమం. 1966లో స్పెయిన్‌లోని పాలోమారెస్ దగ్గర విమానం కూలి నాలుగు హైడ్రోజన్ బాంబులు పడ్డాయి. రెండింటిలో మామూలు మందు పేలింది, అణు పేలుడు కాలేదు. అయితే ప్లుటోనియం పొలాల్లో చెల్లాచెదురైంది. ఆ మట్టిని పీపాల్లో నింపి అమెరికాకు తీసుకెళ్లారు. కాబట్టి పేలలేదు కదా అని ఊరుకోవడానికి లేదు. తర్వాత కొన్ని రకాల బాంబుల్లో దెబ్బకూ మంటకూ తొందరగా పేలని మందు వాడారు.

నాకు భయం లెక్క దగ్గర. బాంబు దగ్గరికి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు, ఇద్దరుండాలి అనేది అణుబాంబులుండే చోట రూలు. అయినా 2007 ఆగస్టులో అమెరికాలోని మైనాట్ వైమానిక స్థావరంలో ఉత్త క్షిపణులనుకుని అణు వార్‌హెడ్లు (క్షిపణి ముందు భాగంలోని అణుబాంబులు) ఉన్న ఆరింటిని విమానానికి తగిలించి బార్క్స్‌డేల్ అనే మరో స్థావరానికి తీసుకెళ్లారు. బయల్దేరే ముందు ఒక రెక్క కిందే చూశారు, అణు క్షిపణులు రెండో రెక్క కింద ఉన్నాయి. దాదాపు 36 గంటలు ఎవరికీ తెలియలేదు.

అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే నేనూ అదే చేశాను. మా మ్యాగజైన్‌లో మందుకు వేరే గది, ఆ మందును పేల్చే చిన్న గొట్టాలు, అంటే డిటోనేటర్లకు వేరే గది, తలుపుకు రెండు తాళాలు, రిజిస్టరులో రెండు సంతకాలు. ఒకరోజు బ్లాస్టింగ్ అయ్యాక మిగిలిన డిటోనేటర్లు తిరిగొచ్చాయి. షాట్‌ఫైరర్ (గనిలో మందు పేల్చే మనిషి) "పద్నాలుగు" అన్నాడు, నేను పద్నాలుగు రాశాను. ఇద్దరం సంతకం పెట్టాం, ఇద్దరం లెక్కపెట్టలేదు. తాళం వేయబోతూ ఎందుకో మనసొప్పక పెట్టె మూత తీశాను. పదమూడే ఉన్నాయి.

టార్చిలైట్లతో బెంచీ (గనిలో మెట్టులా తవ్విన చోటు) అంతా వెతికాం. రాత్రి పదింటికి హెల్పర్ ఇంటికెళ్తే, గుంజకు తగిలించిన చొక్కా జేబులోంచి తీసిచ్చాడు. "అన్నా, ఒక్కటే కదా, పొద్దున ఇద్దామనుకున్నా" అన్నాడు. తీగలు చుట్టి బీడీకట్ట పక్కనే పెట్టుకున్నాడు.