లివర్‌కు రెండు ఆపరేషన్లు, మధ్యలో ఐదు వారాలు ఎందుకు ఆగాలి?

మీ నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్ లివర్‌లో రెండు వైపులా పాకిందని, రెండు విడతలుగా ఆపరేషన్ చేసి ఒక రక్తనాళం కూడా మార్చాలన్నారని రాశారు. మధ్యలో ఐదు వారాలు ఆగితే జబ్బు ముదిరిపోదా అని అడిగారు. ఇక్కడే హైదరాబాద్‌లో మా వారికీ ఇలాగే చేశారు. అప్పుడు నేనూ ఇదే టెన్షన్ పడ్డాను.

ఆ వారాలు లివర్ పెరగడానికి. అన్నీ ఒకేసారి తీసేస్తే మిగిలేది ఒంటికి చాలదు. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే కనీసం 20 శాతం, కీమో బాగా పడిన లివర్ అయితే 30 శాతం దాకా మిగలాలంటారు. మా వారికి మొదట ఎడమవైపు గడ్డలు మాత్రమే తీశారు. తర్వాత పోర్టల్ వీన్‌లో (పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే సిర) కుడివైపుకు వెళ్లే కొమ్మ మూసేశారు. లివర్‌కు వచ్చే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పోర్టల్ వీన్‌దే. కుడివైపు దారి మూస్తే ఆ రక్తం ఎడమకు మళ్లి, ఎడమ భాగం పెరుగుతుంది. ఐదో వారం సీటీ తీసి, పెరిగిందని కొలిచాకే, కుడివైపు భాగం తీసేసే రెండో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. అన్నాళ్లూ ఆయన రోజూ పొద్దున్నే కాలనీ పార్కులో నడిచారు, పూటపూటకీ పప్పు, గుడ్డు తిన్నారు.

మీ భయం మాత్రం ఒట్టిది కాదు. ఈలోపు జబ్బు పెరిగి రెండో ఆపరేషన్ దాకా రాలేకపోయేవాళ్లూ ఉంటారు. ఆ మాట మాకు ముందే చెప్పారు. మధ్యలో కీమో ఇస్తారేమో మీరూ అడగండి.

ఇక రక్తనాళం సంగతి. లివర్‌లోంచి గుండె వైపు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు మూడు. ఉంచాల్సిన భాగానికి దిక్కైన నాళాన్నే గడ్డ పట్టుకుంటే, ఆ మేరకు కోసి అతుకు వేయాలి. లేకపోతే రక్తం బయటికి పోలేక ఆ లివర్ ఉబ్బిపోతుంది. మా వారికి తొడ దగ్గరి సిర ముక్క తీసి అతికారు. కొందరికి కృత్రిమ గొట్టం వేస్తారు. తర్వాత కొన్ని రోజులు డాప్లర్ స్కాన్ చేసి రక్తం పారుతోందో లేదో చూశారు.

మొదట చూపించిన ఆసుపత్రిలో "ఆపరేషన్ కుదరదు" అనేశారు. లివర్ సర్జన్ ఎవరూ స్కాన్ చూడనేలేదు. రెండు నెలలు పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీకు దారి ఉందన్నారంటే చూడాల్సినవాళ్లే చూసినట్టున్నారు. అయినా రెండో అభిప్రాయం కావాలంటే నిమ్స్‌లో సర్జికల్ గ్యాస్ట్రో విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఫిల్ములే కాదు, సీటీ సీడీ కూడా పట్టుకెళ్లండి. లివర్ ఎంత మిగులుతుందో కొలిచేది దాంతోనే.