నాపా వ్యాలీ టూర్: 27 వేలా, 50 వేలా?

ప్రశ్న: సెప్టెంబరులో ఆఫీసు పని మీద శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాను. నా ఖర్చు కంపెనీదే, నా భార్య టికెట్టు మేం కొన్నాం. పని అయ్యాక ఇంకో మూడు రోజులు ఉంటాం. శనివారం గైడెడ్ టూర్‌లో దగ్గర్లోని ద్రాక్షతోటల ప్రాంతాలు నాపా, సోనోమాల్లో వైనరీలు (వైన్ తయారుచేసి రుచి చూపించే చోట్లు) చూసి సాయంత్రానికి తిరిగి రావాలని నా ఆశ. మనిషికి 149 డాలర్లు. తను వైన్ తాగదు, ‘దండగ’ అంటోంది. కారు అద్దెకు తీసుకుని తను నడిపితే చవకేమో? టూర్ డబ్బును క్రెడిట్ కార్డు ఈఎంఐగా మార్చుకోవచ్చా? ఇక్కడి ఏజెంటు రెండు రాత్రుల హోటల్‌తో కలిపి ప్యాకేజీ ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

జవాబు: 149 డాలర్లు వ్యానులో సీటు ధర మాత్రమే కావచ్చు. చాలా టూర్లలో వైన్ రుచి చూసే ఫీజు విడిగా ఉంటుంది. బుక్ చేసే ముందు ‘ఏవి కలిసి ఉన్నాయి, ఏవి లేవు’ అన్న భాగం చదవండి. నాపాలో ఒక్కో చోట మనిషికి 40 డాలర్ల నుంచి 100 దాకా తీసుకోవడం మామూలే. అంతకు మించినవీ ఉన్నాయి.

డాలరు 90 రూపాయలనుకుని లెక్క వేద్దాం. రెండు సీట్లకు 298 డాలర్లు, అంటే దాదాపు 27 వేలు. మీ మనసులో ఉన్న అంకె ఇదే అనుకుంటా. మూడు వైనరీల్లో మీ ఒక్కరికే చోటుకు 50 చొప్పున 150, ఇద్దరి భోజనం 70, గైడుకు టిప్పు 15 శాతం లెక్కన 45 కలపండి. మొత్తం 563 డాలర్లు, 50 వేలు దాటింది. తాగనివాళ్లకు కూడా ఫీజు వేసే వైనరీలు ఉన్నాయి. అలాగైతే ఇంకో 150 డాలర్లు, మొత్తం 64 వేలు. మీ ఆవిడ మాటలో నిజం ఉంది, అయితే దండగ ఎక్కువగా ఉన్నది సీటులో కాదు, ఆ ఫీజుల్లో. టూర్ వాళ్లకు ముందే మెయిల్ పెట్టి, తాగనివారికి ఫీజు ఉంటుందా అని అడగండి. జవాబు రాతపూర్వకంగా ఉండాలి.

ఇక కారు సంగతి. అద్దె, ఇన్సూరెన్స్, పెట్రోలు, బ్రిడ్జి టోలు కలిపి 140 డాలర్లు అవుతుందనుకుంటే టూర్, టిప్పులతో పోల్చి సుమారు 200 డాలర్లు మిగులుతుంది. 18 వేల రూపాయలు చిన్న మొత్తమేమీ కాదు. కాలిఫోర్నియాలో సందర్శకులు చెల్లుబాటయ్యే మన లైసెన్సుతో నడపవచ్చు. కానీ ఈ పొదుపు ఎవరి జేబులోంచి వస్తోందో చూడండి. మీరు తోటల్లో గ్లాసు పట్టుకుని కబుర్లు వింటుంటే, ఆవిడ కుడివైపు నడిచే ట్రాఫిక్‌లో, తెలియని రోడ్ల మీద రానూపోనూ రెండున్నర మూడు గంటలు స్టీరింగ్ పట్టుకోవాలి. సెప్టెంబరు ద్రాక్ష కోతల కాలం, శనివారం రద్దీ ఎక్కువ. ఆవిడకు డ్రైవింగ్ సరదా అయితే కారే తీసుకోండి. ‘సరేలే’ అని ఒప్పుకుంటే మాత్రం వద్దు. మీరే తాగి నడుపుతారా అన్న ప్రశ్నే లేదు. అక్కడ రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నా మత్తు ప్రభావం కనిపిస్తే కేసు పెట్టొచ్చు.

నా సలహా: టూర్‌కే వెళ్లండి, కానీ శనివారం కాకుండా మీ మూడు రోజుల్లో ఏదైనా పనిదినం ఉంటే ఆ రోజు. మూడు చోట్ల కాకుండా రెండు వైనరీలు చూపించే టూర్ చాలు, మూడో చోటికి వెళ్లేసరికి నాలుకకు ఏ రుచీ తేడా తెలియదు. సోనోమాలో ఫీజులు సాధారణంగా నాపాకన్నా తక్కువ, హడావిడీ తక్కువ. నాపా పేరు కోసమే వెళ్తే వేరే సంగతి. 1976లో పారిస్‌లో పేర్లు దాచి రుచి చూసిన పోటీలో ఫ్రెంచి వైన్లను వెనక్కి నెట్టిన రెండు సీసాలూ నాపా వైనరీలవే. ఆ పేరుకు మనం ఇవాళ్టికీ డబ్బు కడుతున్నాం.

ఈఎంఐ వద్దు. ఒక పగలు సరదాకు ఆర్నెల్ల వాయిదాలేమిటి? జీతంలోంచి ఇప్పటినుంచి నెలనెలా కొంత పక్కన పెట్టండి. చాలకపోతే టూర్ చిన్నది చేయండి. అత్యవసర నిధిని ముట్టుకోవద్దు.

కార్డు ఖర్చులు కూడా చూసుకోండి. చాలా కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా మార్కప్ (అదనపు రుసుము) వేస్తాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4.13 శాతం. మీ 50 వేల మీద అది రెండు వేలు దాటుతుంది. మార్కప్ తక్కువ ఉన్న కార్డు గానీ, ముందే డాలర్లు నింపుకునే ఫోరెక్స్ కార్డు గానీ తీసుకెళ్లండి. మెషీన్ ‘రూపాయల్లో కట్టాలా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్ల మారకం రేటుకు ఒప్పుకున్నట్టే.

ఏజెంటు ప్యాకేజీ అవసరం లేదు. హోటల్, టూర్ కలిపి అమ్మితే అది విదేశీ టూర్ ప్యాకేజీ లెక్కలోకి వస్తుంది, టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది. ఆ డబ్బు పోదు, మీ పాన్ మీద జమై రిటర్నులో సర్దుబాటవుతుంది. కంపెనీకి ఆ వివరాలు నిర్ణీత ఫారంలో ఇస్తే జీతంలోంచి కోసే పన్ను (టీడీఎస్)లోనే తగ్గించుకోవచ్చు. కానీ అంతవరకూ మీ డబ్బు ఇరుక్కుపోతుంది. విడివిడిగా బుక్ చేసుకోండి. 24 గంటల ముందు వరకూ ఉచితంగా రద్దు చేసుకునే టూరే చూడండి, ఆఫీసు పని ఎప్పుడు పొడిగిస్తారో ఎవరికి తెలుసు.

వైనరీలో ‘మా వైన్ క్లబ్‌లో చేరితే ఫీజు మాఫీ’ అంటారు. నవ్వుతూ వద్దనండి. అది ఏడాదికి కొన్నిసార్లు సీసాలు పంపి కార్డు మీద వసూలు చేసే చందా, ఇండియాలో ఉన్న మీకు దండగ. ఒకటో రెండో సీసాలు కొంటే ఫీజు తగ్గించే చోట్లుంటాయి, అది అడగండి. కస్టమ్స్‌లో పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. సీసా 750 మిల్లీలీటర్లు కాబట్టి మనిషికి రెండు, ఇద్దరికీ నాలుగు. ఐదోదానికి భారీ సుంకం పడుతుంది. ఇవి చేతిసంచిలో రానివ్వరు, చెక్ఇన్ పెట్టెలో బట్టల మధ్య గట్టిగా చుట్టిపెట్టాలి.