అడ్మిన్ పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే సిస్టమ్స్ లైన్ వదిలేయాలా?

ప్రశ్న: మాది విశాఖ గాజువాక. మా బాబు పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సిస్టమ్ అడ్మిన్, అంటే కంపెనీల్లో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగాల వైపు వెళ్తానంటున్నాడు. మా మరిది పనిచేసే కంపెనీలో పాత కంప్యూటర్లు వేలం వేస్తే విండోస్ 7 ల్యాప్‌టాప్ ఒకటి కొనిచ్చాం. అందులో లినక్స్ నేర్చుకోడానికి వర్చువల్‌బాక్స్ (విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిపించేది), కాలేజీ ల్యాబ్ ప్రోగ్రాములకి డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రాములు నడిపేది) వేసుకుందామంటే ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతోంది. వాడేమో వీడియోలు చూసి పెన్‌డ్రైవ్‌తో పాస్‌వర్డ్ లేపేస్తానంటాడు, షాపతను ఫార్మాట్ కొట్టించమంటాడు. ఇంత చిన్నదానికే ఆగిపోయాను, నాకీ లైన్ పనికిరాదేమో అని బాబు దిగులు పడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, లైన్ మార్చక్కర్లేదు. వాడు ఆగిపోయిన చోటే ఆ ఉద్యోగం మొదలవుతుంది. హెల్ప్‌డెస్క్‌లో చేరిన కుర్రాడికి మొదటి రోజుల్లో వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఇవే: పాస్‌వర్డ్ మర్చిపోయాను, సాఫ్ట్‌వేర్ ఎక్కడం లేదు, అనుమతి లేదంటోంది. అందుకని దీన్ని అడ్డదారిలో దాటేయకుండా, ఎందుకు అడుగుతోందో తెలుసుకుని పరిష్కరించమని చెప్పండి.

విండోస్ 7లో లాగిన్ అయిన ఖాతాకే అడ్మిన్ హక్కులుంటే, మామూలుగా అవునా కాదా అని మాత్రమే అడిగి వదిలేస్తుంది. పాస్‌వర్డ్ అడుగుతోందంటే బాబు వాడుతున్నది మామూలు యూజర్ ఖాతా అన్నమాట. కంప్యూటర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడమనండి. అక్కడ వర్క్‌గ్రూప్ అని కాకుండా డొమైన్ అని కంపెనీ పేరు కనిపిస్తే, ఆ యంత్రం ఇంకా ఆఫీసు నెట్‌వర్క్‌లో సభ్యుడినే అనుకుంటోందని అర్థం. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఆ కంపెనీ ఐటీ వాళ్ల దగ్గర ఉండాలి తప్ప, బాబు ఎన్ని ఊహించి కొట్టినా లాభం లేదు. ఇంటర్నెట్‌లో దొరికే 'డిఫాల్ట్ పాస్‌వర్డ్' జాబితాలు కూడా నమ్మొద్దు. విండోస్‌తో వచ్చే అడ్మినిస్ట్రేటర్ ఖాతాని విస్టా నుంచే మూసి ఉంచుతున్నారు, దానికి అందరికీ పనిచేసే పాస్‌వర్డ్ అంటూ ఏదీ లేదు.

ఇంకో సంగతి, చాలామంది పిల్లలు బయాస్ పాస్‌వర్డ్‌నీ విండోస్ పాస్‌వర్డ్‌నీ ఒకటే అనుకుంటారు. బయాస్ అంటే కంప్యూటర్ బోర్డులోనే ఉండి విండోస్‌ని మొదలుపెట్టించే చిన్న ప్రోగ్రామ్. దాని పాస్‌వర్డ్ కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ ఇంకా రాకముందు అడిగేది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లకి ఇది కూడా పెట్టి ఉండొచ్చు, అది తెలియకపోతే వర్చువల్‌బాక్స్‌కి కావలసిన వర్చువలైజేషన్ సదుపాయాన్ని ఆన్ చేయలేరు, ఒక్కోసారి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కూడా కానివ్వదు. పాత డెస్క్‌టాప్‌లలో కొన్నింటికి లోపలి చిన్న బ్యాటరీ తీసి పెడితే పోతుంది గానీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ చిట్కా పనిచేయదు, విప్పి పాడుచేసుకోవద్దని గట్టిగా చెప్పండి.

పెన్‌డ్రైవ్ చిట్కా సంగతి. ల్యాప్‌టాప్ మీరు డబ్బు పెట్టి కొన్నారు, కాబట్టి యంత్రం మీదే. కానీ లోపల ఆ కంపెనీ ఫైళ్లు మిగిలి ఉంటే అవి మీవి కావు, పాస్‌వర్డ్ లేపేసి వాటిలోకి వెళ్లడం మంచిది కాదు. పైగా ఇంట్లో అలవాటైన చెయ్యి రేపు కాలేజీ ల్యాబ్‌లోనూ అదే చేస్తుంది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి దురుద్దేశంతో చొరబడితే 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అడ్మిన్ ఉద్యోగం ఇచ్చేవాడు ముందు చూసేది తాళాలు అప్పగించొచ్చా లేదా అనే, ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

షాపతను చెప్పిన ఫార్మాట్ నిజానికి సరైన దారే, కాకపోతే మళ్లీ విండోస్ 7 వేయించొద్దు, దానికి భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. ప్రాసెసర్ 64-బిట్ అయి, ర్యామ్ 4 జీబీ ఉంటే విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ నేరుగా వేసుకోమనండి. వాడు నేర్చుకుందామనుకున్నదే లినక్స్ అయినప్పుడు మధ్యలో వర్చువల్‌బాక్స్ ఎందుకు? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాడు పెట్టుకున్న పాస్‌వర్డే అడ్మిన్ పనులకీ చెల్లుతుంది, టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే తెరలో) కొడుతుంటే అక్షరాల బదులు నక్షత్రపు గుర్తులు కనిపించొచ్చు, అసలేమీ కనిపించకపోవచ్చు కూడా, దానికి కంగారు పడొద్దు. ప్రాసెసర్ 32-బిట్‌దైతే మాత్రం కొత్త వర్చువల్‌బాక్స్ ఎటూ ఎక్కదు, 2018 చివర్లో వచ్చిన 6.0 నుంచి ఆ యంత్రాలని వదిలేశారు.

8086 మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ప్రోగ్రాముల కోసం డాస్‌బాక్స్ కావాలంటే ఈలోపు ఆగక్కర్లేదు. జిప్ రూపంలో దొరికే పోర్టబుల్ రకాలున్నాయి, తన ఫోల్డర్‌లో విప్పుకుంటే చాలు, అడ్మిన్ హక్కులు అడగవు. వర్చువల్‌బాక్స్ అలా కాదు, అది విండోస్ లోపలికి తన డ్రైవర్లని ఎక్కిస్తుంది, అందుకే అనుమతి కావాలంటుంది. ఈ తేడాని బాబు తన మాటల్లో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఒక ప్రశ్నకి జవాబు చేతిలో ఉన్నట్టే.

చదువు విషయానికొస్తే, డిప్లొమా అయ్యేలోపు లినక్స్, నెట్‌వర్కింగ్ ఈ రెండూ గట్టిపరుచుకుంటే సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష సీసీఎన్ఏ గానీ, రెడ్‌హ్యాట్ వాళ్ల లినక్స్ సర్టిఫికెట్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏ గానీ తర్వాత రాసుకోవచ్చు. కోచింగ్ సెంటర్లుండే ద్వారకానగర్‌లో ఏదో ఒక కోర్సుకి ఇప్పుడే పెద్ద ఫీజు కట్టేయకండి. నెట్‌వర్క్‌ని తెరమీదే కట్టి సాధన చేసే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, దానితో మొదలుపెట్టనివ్వండి. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో డేటా సెంటర్ హబ్ ప్రకటించిన దగ్గర్నుంచి అందరూ ఏఐ కోర్సుల వెంట పడుతున్నారు గానీ, డేటా సెంటర్ అంటే సర్వర్లు, కేబుళ్లు, ఎవరికి ఏ అనుమతి ఉందో చూసుకునే మనుషులు కూడా.

ముందు మీ మరిది చేత కంపెనీ ఐటీ విభాగానికి ఫోన్ చేయించండి. డిస్క్ తుడిచేసి కొత్తగా వేసుకుంటున్నామని చెప్పి, బయాస్ లాక్ ఉంటే తీసిపెట్టమని అడగాలి. మాట్లాడేది మాత్రం బాబే మాట్లాడాలి. వేలం రసీదు దగ్గర పెట్టుకుని, ల్యాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబర్ ముందే రాసుకోమనండి, అవతలివాళ్లు అడిగే అవకాశం ఎక్కువ.