అన్నే ఫ్రాంక్ డైరీని తెలుగులో అచ్చు వేయవచ్చా?

ప్రశ్న: హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. మా పిల్లల కోసం అన్నే ఫ్రాంక్ డైరీని తెలుగులోకి తెస్తున్నాను. నా దగ్గరున్నది 1995లో వచ్చిన ఇంగ్లిష్ పుస్తకం. ఆ అమ్మాయి 1945లోనే నాజీ క్యాంపులో చనిపోయింది. రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ పోతుంది కదా, సొంత ఖర్చుతో ముద్రించి ఉచితంగా పంచవచ్చా? వార్షికోత్సవంలో నాటికగా వేయవచ్చా? – ఒక టీచర్, తెనాలి

జవాబు: ఆ ఇంగ్లిష్ పుస్తకం నుంచి చేసిన అనువాదాన్ని అనుమతి లేకుండా అచ్చుకు ఇవ్వకండి, టీచర్ గారూ. ఉచితంగా పంచుతున్నామంటే కోర్టు శిక్ష తగ్గించవచ్చేమో గానీ, కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద అది నేరం కాకుండా పోదు.

మీరు చెప్పిన 60 ఏళ్ల లెక్క రచయిత బతికుండగా అచ్చయిన పుస్తకాలకు. పోయాక అచ్చయితే సెక్షన్ 24 వర్తిస్తుంది. మొదట అచ్చయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. ఈ డైరీ డచ్ భాషలో ఆమ్‌స్టర్‌డామ్‌లో 1947 జూన్‌లో వచ్చింది. కాబట్టి ఆ పుస్తకంలో ఉన్న అన్నే మాటల వరకు మన దేశంలో గడువు 2007 డిసెంబర్ 31తో ముగిసింది. ఇక్కడ మీకూ చట్టానికీ తేడా రెండేళ్లే. చిక్కల్లా ఆ పుస్తకంలో ఎవరి మాటలు ఎన్ని ఉన్నాయన్న దగ్గరే.

1942 జూన్ 12న, 13వ పుట్టినరోజుకు ఆమెకు ఆ డైరీ ఇచ్చారు. నెల తిరక్కుండానే కుటుంబమంతా ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263లో, తండ్రి ఆఫీసు వెనక భాగంలో దాక్కోవాల్సి వచ్చింది. 1944 మార్చి 28న లండన్ నుంచి ఒక డచ్ మంత్రి రేడియోలో మాట్లాడుతూ, యుద్ధకాలపు డైరీలు, ఉత్తరాలు భద్రపరచమని ప్రజలను కోరాడు. అది విన్నాక మే నెలలో అన్నే తన డైరీని తనే మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. విడి కాగితాల మీద, కొన్ని సంగతులు తీసేసి, కొన్ని కలిపి, మనుషులకు మారుపేర్లు పెట్టి, రెండు వందలకు పైగా కాగితాలు నింపింది. ఆగస్టు 4న పోలీసులు వచ్చేసరికి ఆ పని ఇంకా పూర్తి కాలేదు. చాటుగా రాసుకున్న డైరీని పెద్దలెవరో బయటపెట్టారని చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడం ఆ పిల్లకు అన్యాయం చేయడమే. పుస్తకం వేయాలనే రాసింది, రచయిత్రిగానే రాసింది.

నేల మీద చెల్లాచెదురుగా పడిన కాగితాలను ఆఫీసులో పనిచేసే మీప్ గీస్, బెప్ ఫోస్కాయిల్ ఏరి దాచారు. మీప్ వాటిని చదవకుండా డెస్క్ సొరుగులో పెట్టింది. అన్నే బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో చనిపోయిందని తెలిశాక తండ్రి ఒట్టో చేతికిచ్చింది. ఆయన రెండు రాతలూ కలిపి, కొన్ని భాగాలు తీసేసి 1947 పుస్తకం కూర్చాడు.

ఆ కూర్పుపై ఒట్టోకు వేరే హక్కు ఉందని, డైరీ హక్కులున్న, స్విట్జర్లాండ్‌లోని బేసెల్‌కు చెందిన అన్నే ఫ్రాంక్ ఫాండ్స్ అనే సంస్థ వాదిస్తోంది. మన చట్టం ప్రకారం ఆ వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. ఒట్టో 1980లో పోయాడు కాబట్టి అది నిలిస్తే 2040 దాకా ఆగాలి. ఆయన తీసేసినవాటిలో చాలా భాగాలు 1986లో మొదటిసారి అచ్చయ్యాయి, వాటికి 2046 దాకా గడువుంది. ఇక మీ 1995 పుస్తకానికి ఆధారం మిర్యామ్ ప్రెస్లర్ చేసిన కొత్త కూర్పు. ఆమె పోయింది 2019లో. ఇంగ్లిష్ చేసింది సుసాన్ మసోట్టీ. మీరు తెలుగు చేస్తున్న ప్రతి వాక్యంలో వీళ్ల హక్కూ ఉంది.

కాబట్టి ముందు ఫాండ్స్‌కూ, ఇంగ్లిష్ ప్రచురణకర్తకూ రాయండి. తెలుగు హక్కులు ఇప్పటికే ఎవరికైనా ఇచ్చారా అని మొదట అడగండి. ఎన్ని కాపీలు, ఎవరికి, ధర లేదన్న సంగతి స్పష్టంగా చెప్పండి. ఈమెయిల్ పంపినా, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. కాదన్నా, ఎంత వెతికినా హక్కుదారు దొరక్కపోయినా, బోధన అవసరం చూపి సెక్షన్ 32 కింద అనువాద లైసెన్సు కోసం కమర్షియల్ కోర్టుకు వెళ్లే దారి ఉంది. అయితే తెలుగు అనువాదం ఇప్పటికే మార్కెట్లో దొరుకుతుంటే అది కుదరదు. లైసెన్సు వచ్చినా రాయల్టీ కట్టాలి.

అంతవరకూ క్లాసులో చదివి వినిపించండి, తెలుగులో అర్థం చెప్పండి, టెన్షన్ అక్కర్లేదు. ఆమె జీవితకథను మీ సొంత మాటల్లో రాసి ముద్రించడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. జరిగిన సంగతుల మీద కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. డైరీ నుంచి పేరాలకు పేరాలు ఎత్తి రాయకపోతే చాలు.

నాటిక సంగతికొస్తే, టీచర్లు, పిల్లలు వేసి, చూసేవాళ్లు కూడా స్కూల్ వాళ్లు, తల్లిదండ్రులే అయితే సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. టికెట్టు పెట్టి ఊరందరినీ పిలిచినా, వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టినా ఆ మినహాయింపు వర్తించదు.