పేజీ నిండా రాసినా మూడు మార్కులే!

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. "ఉప్పు కప్పురంబు" పద్యాన్ని ఒక పేరాలో విశ్లేషించమంటే పేజీ నిండా రాశాను. మేడమ్ ఎర్ర ఇంకుతో "ఇది తాత్పర్యం, విశ్లేషణ ఏది?" అని రాసి పదికి మూడు వేశారు. రెండింటికీ తేడా ఏంటండీ? పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ మేడమ్ అన్నది నిజమేనమ్మా. పద్యం ఏం చెప్పిందో రాస్తే తాత్పర్యం, ఏ మాట ఎలా పనిచేసి ఆ సంగతి మన మనసుకు తాకిందో చూపిస్తే విశ్లేషణ. మీరు పంపిన పేరా "వేమన మహాకవి, ఆయన పద్యాలు సమాజానికి ఎంతో అవసరం" అని ముగిసింది, ఆ వాక్యాన్ని ఆయన ఏ పద్యం కిందైనా అతికించొచ్చు.

రెండో పాదం ఒకసారి పైకి చదవండి: "చూడ చూడ రుచుల జాడ వేరు". రుచి తెలిసేది నాలుకకి కదా, మరి "చూడ" ఎందుకు? ఇంట్లో అమ్మ పప్పు గరిటె చేతికిచ్చి "ఉప్పు సరిపోయిందో లేదో చూడు" అంటుంది, అంటే మన భాషలో కంటికీ నాలుకకీ ఒకటే క్రియ. కంటికి "ఒక్క పోలిక"గా కనిపించినవే చూడగా చూడగా, అంటే నోట్లో వేసుకున్నాక, వేరవుతున్నాయి. ఆ మాట రెండుసార్లు రావడం కూడా ఊరికే కాదు, ఒక్క చూపుకి అందే తేడా కాదది. "తినగ తినగ వేము" అన్నదీ ఆయనే, ఆ మాట ఆయనకు తట్టక కాదు. యతి కోసం, అంటే పాదంలో అక్షరాల పొంతన కోసం అంటారేమో, "చూడ-జాడ" రెండో అక్షరం "డ" కలిసి ప్రాసయతి కుదిరిన మాట నిజమే, "తినగ" అయితే కుదరదు. అదీ రాయండి, కానీ అక్కడే ఆగిపోవద్దు.

పేరా మొదటి వాక్యంలోనే మీ మాట పెట్టేయండి: "మంచివాణ్ణి పోల్చుకోవడానికి ఒక చూపు చాలదని ఈ పద్యం 'చూడ' అనే మాటతోనే చెబుతోంది". తర్వాత ఆ రెండు పదాలే ఎత్తి చూపించి, పైన చెప్పినట్టు విప్పి, దాన్ని "పుణ్యపురుషులు" దగ్గరికి తీసుకెళ్లండి, వాళ్లూ కలిసి మెలిగితేనే తెలుస్తారు కాబట్టి. పద్యమంతా ఎత్తి రాయొద్దు, దిద్దేవాళ్లకి అది తెలుసు.

వీలైతే చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని నిఘంటువులో "జాడ" వెతకండి. అడుగుల గుర్తుకీ జాడే అంటాం. "రుచి వేరు" అనకుండా "రుచుల జాడ వేరు" అని ఎందుకన్నాడో ఇంకో పేరా రాసి పంపండి, చదివి చెబుతాను.