పగిలిన హెల్మెట్, పీచున్న టెంకాయ

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ కలిపి చూస్తే సగానికి పైగా హెల్మెట్ల మీదే ఉన్నాయి. పోయిన నెల ఏదో మాటల్లో నేను బెంగళూరు పీణ్యలో పదకొండేళ్ళు హెల్మెట్లు పోసే మౌల్డింగ్ షాపులో పనిచేశానని ఓ ముక్క రాశాను, అదీ కారణం. సరే, మిక్సీ జార్ల ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టుకుందాం, ఏమనుకోకండి.

మారతహళ్ళి నుంచి ఒక అమ్మ: సర్, మా బాబుకి పదకొండేళ్ళు, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో స్కేటింగ్ చేస్తూ వెల్లకిలా పడ్డాడు. దేవుడి దయవల్ల తలకి ఏం కాలేదు, చిన్న బొప్పి కూడా కట్టలేదు, కానీ హెల్మెట్ మాత్రం వెనకవైపు లోపల రెండుగా చీలింది. కొని నాలుగు నెలలు కూడా కాలేదు. మా ఆయనేమో షాపు వాడితో గొడవేసుకోడానికి రెడీ అయిపోయారు, అంత ఖరీదు పెట్టి కొంటే ఒక్క దెబ్బకే పగిలిపోతుందా అని. ఇది నాసిరకమేనా?

అమ్మా, ముందు మీ ఆయన్ని ఆపండి. ఆ హెల్మెట్ పగలాల్సిన టైములోనే పగిలింది, అది చెయ్యాల్సిన పని అదే.

మాది హిందూపురం వైపు. మా ఇంటి వెనక టెంకాయ చెట్టు మూడంతస్తుల ఎత్తు ఉండేది, రాత్రిళ్ళు కాయ ధబ్బుమని పడేది, పొద్దున వెళ్ళి చూస్తే కాయకి ఏమీ అయ్యేది కాదు. అదే కాయకి పీచు ఒలిచేసి గుడి మెట్టు మీద కొడితే ఒక్క దెబ్బకి రెండు చిప్పలు. చిప్ప మారలేదు, గట్టిదనం మారలేదు, మధ్యలో పీచు పోయింది అంతే. మన పుర్రె చిప్ప అనుకోండి, హెల్మెట్ పీచు. జనం షాపులో హెల్మెట్ మీద వేలితో టకటక కొట్టి చూసి గట్టిగా ఉందా అని అడుగుతారు, నాకు అది చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. బయటి షెల్ పని దెబ్బని ఒక్క చోట గుచ్చుకోనివ్వకుండా కాస్త వెడల్పుగా పంచడం, నేల మీద జారనివ్వడం. అసలు దెబ్బ తినేది లోపలున్న థర్మకోల్.

లెక్క చెప్తా, భయపడకండి, భాగహారం ఒక్కటే. మనిషి తల ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడిందనుకోండి, నేలని తాకేటప్పటికి గంటకి 20 కిలోమీటర్లకి కాస్త తక్కువ వేగంలో ఉంటుంది. ఇప్పుడు ఆ వేగం ఎంత దూరంలో సున్నా అవుతుందనేదే మొత్తం కథ. పడిన ఎత్తుని ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి, భూమి గురుత్వానికి ఎన్ని రెట్లు కుదుపు తగిలిందో సగటున వచ్చేస్తుంది. వట్టి తలయితే గచ్చు మీద నాలుగైదు మిల్లీమీటర్లలో ఆగాలి, 1500ని 5తో భాగిస్తే 300 జి, అంటే గురుత్వానికి 300 రెట్లు. అదే థర్మకోల్ 15 మిల్లీమీటర్లు నలిగి దారిచ్చిందా, 100 జి. అసలు కుదుపు సగటు కన్నా పైకి లేచి దిగుతుంది కానీ లెక్క ఇదే. యూరప్ వాళ్ళ సైకిల్, స్కేటింగ్ హెల్మెట్ స్టాండర్డ్ ఈఎన్ 1078లో దాదాపు ఆ ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచే హెల్మెట్ తొడిగిన డమ్మీ తలని ఇనప దిమ్మె మీద వదుల్తారు, లోపలి కుదుపు 250 జి దాటితే ఫెయిల్. ఇదంతా అయిపోడానికి పట్టేది సెకనులో వెయ్యింట అయిదారు వంతులు. రెప్పపాటు అంటాం కదా, ఆ రెప్పపాటులో ఇరవయ్యో వంతన్నమాట, ఆ కాస్త టైములోనే థర్మకోల్ గింజలన్నీ నలిగి చావాలి.

అలాంటిదే ఒక పగిలిన హెల్మెట్‌ని నేను హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి చూశాను ఓసారి. దెబ్బ తగలని పక్క వెర్నియర్‌తో మందం కొలిస్తే థర్మకోల్ 25 మిల్లీమీటర్లు, వెనక మాడు దగ్గర 16. బయటి షెల్ మీద మాత్రం గోటితో గీసినంత గీత, అంతే. ఆ 9 మిల్లీమీటర్లు మళ్ళీ పైకి లేవవు, అందుకే పగుళ్ళు కనపడకపోయినా గట్టిగా పడ్డ హెల్మెట్ ఇంక పనికిరాదు, ఫెవిక్విక్ పెట్టి అతికించి తమ్ముడికి ఇవ్వడాలు అవీ వద్దు. స్ట్రాప్ కత్తిరించి పడెయ్యండి, లేకపోతే వాచ్‌మన్ తీసి వాళ్ళ పిల్లాడికి పెడతాడు, అది ఇంకా పాపం.

బాబుకి రెండు రోజుల పాటు వాంతులు, మత్తుగా పడుకోవడం, తలనొప్పి పెరగడం, చెప్పిందే మళ్ళీ చెప్పడం లాంటివి ఏమైనా కనిపిస్తే మాత్రం బొప్పి లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇందిరానగర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: ఆదివారం నంది హిల్స్‌కి సైక్లింగ్ వెళ్తాను. హెల్మెట్ కొందామంటే లోపల పసుపు ప్లాస్టిక్ వల లాంటిదేదో ఉన్న మిప్స్ మోడల్‌కి ఇంకో రెండు వేలు ఎక్కువ అంటున్నారు. అది మార్కెటింగేనా బ్రో?

పూర్తిగా మార్కెటింగ్ కాదు. ఇంట్లో జున్ను గిన్నె ఉంటే చెయ్యండి, లేదంటే గడ్డ పెరుగైనా ఫర్లేదు. గిన్నెని నిటారుగా టేబుల్ మీద టక్కున పెట్టండి, జున్ను కదలదు. అదే గిన్నెని చటుక్కున చుట్టూ తిప్పి ఆపండి, గిన్నె ఆగిపోతుంది, లోపల జున్ను ఆగదు, అంచుల దగ్గర విడిపోతుంది. మన మెదడు కూడా దాదాపు అంత మెత్తనిదే. హోల్బోర్న్ అనే ఆయన 1943లోనే ఆక్స్‌ఫర్డ్‌లో పుర్రె ఆకారంలో జెలాటిన్ పోసి చూసి, మెదడుకి అసలు చేటు తిప్పుడు వల్ల అని చెప్పాడు. కానీ ఆ తర్వాత దశాబ్దాల పాటు స్టాండర్డులన్నీ హెల్మెట్‌ని నిట్టనిలువునా పడేసే పరీక్షలే చేశాయి. మీరు నంది హిల్స్ దిగుతూ పడితే అలా నిలువుగా పడరు కదా, రోడ్డుకి ఏటవాలుగా రాసుకుంటూ పడతారు, హెల్మెట్ రోడ్డుని పట్టుకుని తలని మెలిపెడుతుంది. ఆ పసుపు పొర స్వీడన్‌లో కేటీహెచ్ యూనివర్సిటీ వాళ్ళూ ఒక న్యూరోసర్జన్ కలిసి మొదలుపెట్టిన పని, దెబ్బ తగిలినప్పుడు షెల్‌ని తల మీద 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారనిస్తుంది, ఆ జారుడులో మెలి కొంత తగ్గుతుంది. చీపురు పుల్లంత మందం కూడా ఉండదు.

అయితే పసుపు పొర లేని హెల్మెట్లన్నీ చెత్త అని కాదు. అమెరికాలో వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు ముందు 2011 నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ హెల్మెట్లకీ తర్వాత సైకిల్ వాటికీ స్టార్లు ఇస్తున్నారు, ఏటవాలు దెబ్బలు కూడా కొట్టి చూస్తారు, మీ మోడల్ అందులో ఉందేమో చూసుకోండి. రెండు వేలు పెట్టగలిగితే పెట్టండి. పెట్టాక స్ట్రాప్ వదులుగా వేలాడేసి మాడు మీద టోపీలా వెనక్కి తోసి పెట్టుకుంటే ఆ రెండు వేలూ దండగ, కబ్బన్ పార్కులో ఆదివారం నేను చూసే వాళ్ళలో సగం మంది అలాగే. కనుబొమ్మలకి పైన రెండు వేళ్ళు, గడ్డం కింద ఒక వేలు, అంతే సందు ఉండాలి.

యలహంక, మెకానికల్ మూడో సంవత్సరం విద్యార్థి: అన్నా, మా ఫైనల్ ప్రాజెక్టుకి ఇంకా బాగా దెబ్బ తట్టుకునే హెల్మెట్ డిజైన్ చేద్దామనుకుంటున్నాం. మా గైడ్ కార్బన్ ఫైబర్ వాడమంటున్నారు, బలంగా ఉంటుందని. ఏం చెయ్యమంటావ్?

తమ్ముడూ, మీ గైడ్ గారికి పైన టెంకాయ సంగతి చదివి వినిపించు, నా పేరు మాత్రం చెప్పకు. కార్బన్ ఫైబర్‌తో బరువు తగ్గుతుంది, నిజమే, కానీ మీరు డిజైన్ చెయ్యాల్సింది షెల్‌ని కాదు, షెల్‌కీ తలకీ మధ్య ఉన్న ఆ అంగుళం చోటుని.

అక్కడే గమ్మత్తంతా. మరీ మెత్తగా ఉంటే మొత్తం నలిగిపోయి అడుగు తగిలేస్తుంది, మా షాపులో దాన్ని బాటమింగ్ అనేవాళ్ళం, అప్పుడు కుదుపు గ్రాఫ్ చివర్లో గుడి గోపురంలా లేస్తుంది. మరీ గట్టిగా ఉంటే అసలు నలగదు, ఉన్న దూరం వాడుకోకుండానే తల ఆగిపోతుంది. టీవీ డబ్బాలో వచ్చే థర్మకోల్ ఘనపు మీటరుకి 15, 20 కిలోలుంటే హెల్మెట్లో దానికి మూడు నాలుగు రెట్లు. మందం రెట్టింపు చేస్తే పోలేదా అంటావేమో, కుదుపు సగమవుతుంది నిజమే, కానీ తల కూడా గుమ్మడికాయంత అవుతుంది, మెడ మీద బరువు, రోడ్డు పట్టుకుని తిప్పే పట్టు పెరుగుతుంది, పైగా ఎవడూ పెట్టుకోడు. అందుకే మీకు కావాల్సింది మొదట్నుంచి చివరిదాకా ఒకే బలంతో నలిగే వస్తువు. సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు పక్కపక్కన అతికించి, తేనెపట్టులాగా, ఒక్కోటీ ముడతలు పడి కూలేలా చేస్తున్నారు. త్రీడీ ప్రింటర్లో జాలీలాగా అల్లేవాళ్ళూ ఉన్నారు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక దెబ్బతో ఆట అయిపోదు కదా, అక్కడ నలిగి మళ్ళీ లేచే జాలీలు కావాలి, థర్మకోల్ పనికిరాదు. నెమ్మదిగా నొక్కితే మెత్తగా, కొడితే గట్టిపడే జిగురు లాంటి పదార్థాలూ ఉన్నాయి, కార్న్‌ఫ్లోర్‌లో నీళ్ళు చిక్కగా కలిపి గుద్ది చూడు అర్థమవుతుంది.

నాకు నచ్చింది మాత్రం పంపరపనస. నవ్వకు. జర్మనీలో ఫ్రైబర్గ్ యూనివర్సిటీ వాళ్ళు ఆ కాయ తొక్కని కూర్చుని స్టడీ చేశారు. కిలో, రెండు కిలోల కాయ పది మీటర్ల పైనుంచి పడినా లోపల తొనలు చెదరవు, ఎందుకంటే బయట పసుపు వైపు గాలి ఖాళీలు చిన్నవి, లోపలికొచ్చేకొద్దీ తెల్ల దూదిలో అవి పెద్దవవుతూ వస్తాయి, మధ్యలో నారలు అల్లుకుని ఉంటాయి. అంటే ఒకే సాంద్రత కాదు, మెట్లు మెట్లుగా మారే సాంద్రత. మార్కెట్లో ఒకటి కొనుక్కొచ్చి సగానికి కోసి చూడండి, తొక్క కొయ్యడమే ఎంత కష్టమో. మీ ప్రింటర్లో జాలీ గళ్ళు బయట చిన్నవి లోపల పెద్దవి పెట్టి, మామూలు థర్మకోల్‌తో పక్కపక్కన పోల్చి చూపిస్తే చాలు ప్రాజెక్టు అయిపోతుంది.

పరీక్షకి ఫోన్ కట్టి పడేద్దామనుకోకు, అందరూ చేసే తప్పు అదే, మామూలు ఫోన్లో సెన్సర్ 8 జి, 16 జి దగ్గరే చేతులెత్తేస్తుంది. 200 జి కొలిచే యాక్సెలరోమీటర్ విడిగా దొరుకుతుంది, సెకనుకి కొన్ని వేల రీడింగులు తియ్యాలి, లేదంటే ఆ అయిదు మిల్లీసెకన్లలో మీకు రెండో మూడో చుక్కలు దొరుకుతాయి, వాటి మధ్య గీత మీ ఇష్టం వచ్చినట్టు గీసుకోవడమే. పైన పట్టాల వెంబడి జారే అయిదు కిలోల దిమ్మె, కింద ఇనప పలక, ప్రతి దెబ్బకీ కొత్త పీసు. పడేటప్పుడు చేతులు దూరంగా పెట్టండి, నా ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరే.

జయనగర్, రిటైర్డ్ బ్యాంకు ఆఫీసర్: మా మనవడు క్రికెట్ కోచింగ్‌కి వెళ్తాడు. గవాస్కర్ హెల్మెట్ లేకుండా ఆడాడు కదా, ఇప్పటి పిల్లలకి ఇంత హంగామా ఎందుకండీ? కొనాలంటే సైకిల్‌ది ఒకటుంది, అది సరిపోదా?

గవాస్కర్ గారు కూడా చివర్లో టోపీ కింద స్కల్ క్యాప్ పెట్టారండీ. 1962లో బార్బడోస్‌లో వెస్టిండీస్ బౌలర్ గ్రిఫిత్ బంతి తలకి తగిలి నారీ కాంట్రాక్టర్ పుర్రె పగిలింది, అప్పుడు ఆయన మన కెప్టెన్, మళ్ళీ ఇండియాకి ఆడలేదు. మీ తరానికి నేను చెప్పాలా.

సైకిల్‌ది మాత్రం వద్దు. 160 గ్రాముల బంతి 130 కిలోమీటర్ల వేగంతో వస్తే దాంట్లో ఉన్న శక్తి తల ఒకటిన్నర మీటరు నుంచి పడ్డప్పటి కన్నా ఎక్కువే, కానీ బంతి తేలిక, కొట్టి ఎగిరిపోతుంది, తలని అంతగా నెట్టలేదు. దానికి ఒక్క చోట గుచ్చుకునే గుణం ఉంది, సైకిల్ హెల్మెట్‌కున్న గాలి కంతల్లోంచి, ముందు గ్రిల్ లేని మొహం మీదికి వస్తుంది. క్రికెట్‌ది గట్టి షెల్, గ్రిల్, సందు, ఈ మూడింటి డిజైన్. బీఎస్ 7928:2013 అనే బ్రిటిష్ స్టాండర్డ్‌లో గ్రిల్‌కి బంతిని కొట్టి, సందులోంచి దూరుతుందా, గ్రిల్ వంగి మొహానికి తగులుతుందా అని చూస్తారు. పెద్దవాళ్ళ బంతికీ పిల్లల చిన్న బంతికీ విడివిడిగా చేస్తారు, అందుకని లోపలి లేబుల్ మీద ఏ బంతికి పరీక్షించారో చూసి కొనండి, పెద్దవాళ్ళ గ్రిల్ సందులో పిల్లల బంతి పట్టేయొచ్చు. వెనక మెడకి గార్డు ఉన్నదే తీసుకోండి, 2014లో బంతి తగిలి చనిపోయిన ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిల్ హ్యూస్‌కి హెల్మెట్ ఉంది, దెబ్బ దాని కింద మెడ మీద తగిలింది. ఇంకోటి, మనవడు బ్యాటర్‌కి బాగా దగ్గరగా షార్ట్ లెగ్‌లో నిలబడతాడేమో అడగండి, 1998లో మన రమణ్ లాంబా ఢాకాలో అక్కడే హెల్మెట్ లేకుండా నిలబడ్డాడు, బంతి తలకి తగిలి చనిపోయాడు.

కే.ఆర్.పురం నుంచి: నా సైకిల్ హెల్మెట్‌కి ఎరుపు, నలుపు స్ప్రే పెయింట్ వేసి ఆర్సీబీ లోగో పెట్టుకుంటే ప్రాబ్లమ్ ఏమన్నా ఉందా?

థర్మకోల్ ముక్క మీద పెట్రోల్ చుక్క వేసి చూడండి ముందు, చిన్నప్పుడు చేసే ఉంటారు. స్ప్రేలో ఉండే థిన్నర్ కూడా అంతే, వెంట్ల లోంచి లోపలికి కారి గుంటలు పెడుతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతుంది. ఎరుపు హెల్మెట్టే కొనుక్కోండి, దొరుకుతాయి.